అరుగు మీద చదివిన పుస్తకం

"మామా, నాకు ఏపీ లిటరేచర్ సమ్మర్ వర్క్ ఉంది, అక్కడికే తెచ్చుకుంటా" అని మా అక్క కూతురు టెక్సస్ నుంచి ఫోన్‌లో చెప్పినప్పుడు మేము నిజంగానే సంతోషపడినాం. ఏపీ అంటే మాకు తెలిసింది ఆంధ్రప్రదేశ్ ఒక్కటే. అమెరికా బడుల్లో ఆంధ్రా సాహిత్యం గూడా చెప్తారా అని ఆశ్చర్యపోయి, ఆ సాయంత్రమే అమ్మకు చెప్పేసినాం. అమ్మ పక్కింటికి చెప్పింది. అసలు సంగతి రెండు రోజుల తర్వాత తెలిసింది. ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అంట. హైస్కూల్లో ఉండగానే కాలేజీ స్థాయి పాఠం చదువుతారు. మే నెలలో కాలేజ్ బోర్డు పెట్టే పరీక్ష రాస్తారు. ఒకటి నుంచి ఐదు దాకా స్కోరు ఇస్తారు. మా పాప తీసుకున్నది ఇంగ్లీషు సాహిత్యం. బడి ఆగస్టులో తెరుస్తారు, కానీ పని మాత్రం వేసవి సెలవుల్లోనే మొదలవుతుంది.

ఈ పేజీల్లో ఇంతవరకు మా ఇంటి పెండ్లిళ్ళ గురించి, పాత బావి గురించి, నాయన బండెద్దుల గురించి రాసినాం. ఈసారి రాసేది ఒక పదిహేడేళ్ళ పాప సెలవుల హోంవర్కు గురించి. ఇదేం ఇంటి చరిత్ర అనుకోకండి. చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక మాట. మాది కోలారు జిల్లా, శ్రీనివాసపురం పక్కన పల్లె. ముత్తాతల కాలం నుంచీ ఇంట్లో తెలుగు, బయట కన్నడ. మేము ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా కన్నడ మీడియంలోనే చదివినాం. ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఉద్యోగంలో చేరినాకనే. కన్నడ వచ్చినవాళ్ళకు అది పెద్ద కష్టం కాదు. తలకట్టు, కొన్ని గుణింతాలు, నాలుగైదు అక్షరాలు సరిచూసుకుంటే సగం పని అయిపోతుంది. అందుకే మా రాతలో మూడు రకాల మాటలు కలిసిపోయి ఉంటాయి, మన్నించండి.

పాప జూన్ మొదటి వారంలో వచ్చింది. శ్రీనివాసపురంలో అది మామిడికాయల కాలం. రోడ్డు పొడుగునా మండీలు, లారీలు, గడ్డి పరిచిన బుట్టలు. మేము గూడా రెండు వారాలు ఇంటి నుంచే పని చేస్తామని ఆఫీసులో అడిగి ఊరికి వచ్చినాం. పాప పెట్టె తెరిచి రెండు పుస్తకాలు, ఒక నోటుబుక్కు బయట పెట్టింది.

మొదటిది థామస్ సి. ఫాస్టర్ అనే ప్రొఫెసరు 2003లో రాసింది. సాహిత్యాన్ని ప్రొఫెసరు మాదిరి ఎట్ల చదవాలో చెప్పే పుస్తకం. కథలో వాన పడితే అది వానేనా, ఇంకేమైనానా, పదిమంది కూర్చొని అన్నం తింటుంటే దానికి ఏమైనా అర్థం ఉందా, ఇట్లాంటివి. రెండోది నవల. జోరా నీల్ హర్‌స్టన్ అనే నల్లజాతి రచయిత్రి 1937లో అచ్చు వేసిన 'దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్'. నోటుబుక్కులో ప్రతి పేజీ మధ్యలో గీత కొట్టాలి. ఎడమ పక్క నవల్లో తనను ఆపిన వాక్యం, పేజీ నంబరుతో సహా. కుడి పక్క ఆ వాక్యం ఏం చేస్తోంది, అక్కడే ఎందుకుంది, చదువుతుంటే తనకేం తోచింది అని. అట్లాంటివి ముప్పై రాయాలి. చివర్లో రెండు పేజీల వ్యాసం. అంతా చేత్తోనే రాయాలి.

మా సెలవుల పని గుర్తొచ్చి నవ్వుకున్నాం. కన్నడ బడిలో బేసిగె రజె అంటే ఏప్రిల్ రెండో వారం నుంచి మే చివరి దాకా. మాకిచ్చే పని 'శుద్ధ బరహ'. రోజుకొక పేజీ పాఠం చూసి అందంగా రాయాలి. మేము నలభై రోజులు మామిడి తోపుల్లో తిరిగి, ఆఖరి రెండు రోజుల్లో నలభై పేజీలూ రాసేవాళ్ళం. ఏం రాస్తున్నామో ఒక్క మాట గూడా బుర్రకెక్కేది కాదు. అయినా ఆ పంతులు ఎర్ర సిరాతో సంతకం పెట్టేవాడు.

పాప మాత్రం మంచి పని చేసుకొని వచ్చింది. విమానంలోనే పదకొండు రాసేసిందంట. "చూడు మామా" అని నోటుబుక్కు చేతికిచ్చింది. మేము చూసినాం. రాత ముత్యాల మాదిరి ఉంది. కానీ కుడి పక్క చదువుతుంటే మా టెస్టింగ్ బుర్ర ఊరుకోలేదు. మూడో దాంట్లో పూలచెట్టు స్వేచ్ఛకు గుర్తు అని రాసింది. ఆరో దాంట్లో ఒక దారి స్వేచ్ఛకు గుర్తు. తొమ్మిదో దాంట్లో తలజుట్టు స్వేచ్ఛకు గుర్తు. ఎడమ పక్క వాక్యం ఏదైనా సరే, కుడి పక్కకు అదే జవాబు వస్తోంది. ఆఫీసులో ఇట్లాంటివి రోజూ చూస్తుంటాం. ఒక టెస్ట్ కేసు రాసి, దాన్నే పదిసార్లు కాపీ కొట్టి, పేర్లు మార్చి, అన్నీ పాస్ అని గుర్తు పెట్టేవాళ్ళు ఉంటారు.

"పాపా, పుస్తకం చదివినావా?" అని అడిగినాం.

తల దించుకొనింది. కొంచెం సేపటికి, "సమ్మరీ చదివినా మామా. వాళ్ళు మాట్లాడే ఇంగ్లీషు నాకు అర్థం కావడం లేదు. స్పెల్లింగులే వేరే" అనింది. క్లాసులో అందరూ అట్లనే చేస్తారని గూడా చెప్పింది.

తిట్టడానికి మాకు అర్హత ఎక్కడుంది? పదో తరగతిలో మాకు 'సందర్భ సహిత స్వారస్య' అని ఒక ప్రశ్న వచ్చేది. పాఠంలోని ఒక వాక్యం ఇస్తారు. 'ఆయ్కె' అంటే ఆ వాక్యం ఏ పాఠంలోది, ఎవరు రాసింది. 'సందర్భ' అంటే ఎవరు ఎవరితో ఎప్పుడు అన్నది. 'స్వారస్య' అంటే ఆ మాటలో ఉన్న అందం, లోతు. తెలుగు మీడియంలో చదివిన మీకు సందర్భ సహిత వ్యాఖ్యలు గుర్తుండే ఉంటాయి. మేము మొదటి రెండూ పాఠం చూసి నేర్చుకునేవాళ్ళం. స్వారస్య మాత్రం గైడులో చూసి బట్టీ పట్టేవాళ్ళం. ప్రథమ భాష కన్నడకు 125 మార్కులు. మాకు నూటపదికి పైనే వచ్చినాయి. ఆ వాక్యాల్లో స్వారస్యం ఏముందో మాత్రం ఈరోజుకీ చెప్పలేం. పాప చేసింది అదే తప్పు, దేశం మాత్రం వేరే.

అందుకే తిట్టకుండా మా పని చూపించినాం. మేము ఒక బగ్గు రాసేటప్పుడు 'పని చేయడం లేదు' అని రాస్తే డెవలపర్ దాన్ని వెనక్కు పంపిస్తాడు. ఏ పేజీలో ఉన్నాం, ఏం నొక్కినాం, ఏం వస్తుందనుకున్నాం, నిజంగా ఏం వచ్చింది, ఈ నాలుగూ రాయాలి. ఏమనుకున్నామో, ఏం వచ్చిందో, ఆ రెండింటి మధ్య తేడానే బగ్గు. "పుస్తకం చదివేటప్పుడు గూడా అంతే పాపా. నువ్వు ఒకటి అనుకుంటావు, పుస్తకం ఇంకొకటి చేస్తుంది. ఆ తేడా దగ్గర ఆగు. కుడి పక్క రాయాల్సింది అదే. స్వేచ్ఛకు గుర్తు అని రాస్తే, మా లెక్కలో అది 'పని చేయడం లేదు' అని రాసినట్టే."

పాప ఆ పదకొండు పేజీలూ చించేసింది. చించమని మేము చెప్పలేదు.

ఇంక మిగిలింది ఆ అర్థంకాని ఇంగ్లీషు. మేమూ పుస్తకం తెరిచి చూసినాం. కథ చెప్పే వాక్యాలు మామూలు ఇంగ్లీషులోనే ఉన్నాయి. మనుషులు మాట్లాడుకునే చోట మాత్రం పలికినది పలికినట్టే రాసింది ఆమె. కళ్ళతో చూస్తే ఏ మాటా గుర్తుపట్టలేం. బిగ్గరగా చదివితే మాత్రం చెవి పట్టేస్తుంది. మా ఊరి మాటను అక్షరాల్లో పెడితే గూడా ఇట్లనే ఉంటుంది కదా అనిపించింది. "అరుగు మీద కూర్చొని గట్టిగా చదువు" అన్నాం.

ఆ విధంగా సాయంత్రం పూట మా ఇంటి అరుగు మీద ఇంగ్లీషు నవల మొదలైంది. అమ్మ, అంటే పాపకు అవ్వ, ఒక పక్క మామిడికాయలు ముక్కలు కోస్తా కూర్చునేది. మొదటి రోజు పది నిమిషాలు విన్నాక కత్తి ఆపింది.

"ఎవురు పాపా వీళ్ళు? ఇది టీవీలో వచ్చే ఇంగ్లీసు మాదిరి లేదే?"

"అక్కడి పల్లెవాళ్ళు అవ్వా. వాళ్ళ యాస."

"ఇంగ్లీసుకు గూడా యాస వుంటుందా!" అని అమ్మ ఆశ్చర్యపోయింది. తర్వాత, "అయితే చెప్పు, ఏమంటా వుండారు వాళ్ళు?" అనింది.

పాపకు తెలుగు చదవను రాదు. మాట్లాడడం గూడా అరకొరే. అయినా ఆ రోజు నుంచి ఒక పద్ధతి కుదిరింది. నవల్లో ఇరవై అధ్యాయాలు. రోజుకు ఒకటో రెండో బిగ్గరగా చదివి, ఆ భాగం కథ అవ్వకు తెలుగులో చెప్పాలి. మాట దొరకనప్పుడు మేము అందించేవాళ్ళం. తమాషా ఏమంటే, ఆ నవల గూడా అట్లనే నడుస్తుంది. జేనీ అనే ఆమె చాలాకాలం తర్వాత సొంత ఊరికి తిరిగొచ్చి, ఇంటి వెనక మెట్ల మీద కూర్చొని, ఫీబీ అనే స్నేహితురాలికి తన బతుకంతా చెప్పుకుంటుంది. ఊర్లో అంగడి ముందర అరుగు మీద జనం చేరి, ఒకరిని మించి ఒకరు కోతలు కోసే చోటు వచ్చినప్పుడు అమ్మ, "మన రచ్చకట్ట మాదిరే" అనింది.

ఆ ఊరు నిజంగా ఉన్న ఊరే. ఫ్లోరిడాలో ఈటన్‌విల్. నల్లజాతివాళ్ళు తమకు తాముగా ఏర్పాటు చేసుకొని, 1887 నుంచి తామే పాలించుకున్న ఊరు. హర్‌స్టన్ అక్కడే పెరిగింది. పెద్ద చదువులకు న్యూయార్క్ పోయి మానవశాస్త్రం చదివింది. తిరిగి తన జనం మధ్యకే వచ్చి వాళ్ళు చెప్పుకునే కథలు, పాటలు, సామెతలు సేకరించింది. నవల వచ్చిన ఏడాదే రిచర్డ్ రైట్ అనే పేరున్న నల్లజాతి రచయిత దాన్ని గట్టిగా విమర్శించినాడు. తన జనం మాటను, బతుకును తెల్లవాళ్ళకు వినోదంగా చూపిస్తోందని ఆయన అభ్యంతరం. తర్వాత పుస్తకం చాలా ఏండ్లు మరుగున పడింది. ఆమె 1960లో పేదరికంలో చనిపోయింది. సమాధి మీద పేరున్న రాయి గూడా లేదు. 1973లో ఆలిస్ వాకర్ అనే రచయిత్రి వెతుక్కుంటా పోయి రాయి పెట్టించి, 1975లో దాని గురించి వ్యాసం రాసింది. ఇప్పుడు అదే పుస్తకాన్ని హైస్కూలు పిల్లలు సెలవుల్లో చదువుతున్నారు.

ఇది పాపకు చెప్తుంటే మాకు మా సంగతి గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఫోన్ మీటింగులో అవతల ఉన్నవాళ్ళు హైదరాబాదువాళ్ళు. మనవాళ్ళే కదా అని సంతోషంగా, "ఆడ ఒక బగ్గు వుండాది" అన్నాం. నవ్వులు వినిపించినాయి. "మీది తెలుగా, కన్నడమా?" అని ఒకరు అడిగినారు. దాని తర్వాత రెండేళ్ళు వాళ్ళతో ఇంగ్లీషులో తప్ప మాట్లాడలేదు. ఇక్కడ కన్నడవాళ్ళకు మేము తెలుగువాళ్ళం. అక్కడ తెలుగువాళ్ళకు కన్నడవాళ్ళం. మీలో చాలామందికి ఈ బాధ తెలుసు. హొసూరులో ఉన్నా, బళ్ళారిలో ఉన్నా, బరంపురంలో ఉన్నా.

ఆ బాధ పోగొట్టింది ఒక పుస్తకమే. అక్షరాలు కూడబలుక్కొని చదివే రోజుల్లో ఒక స్నేహితుడు నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా' చేతిలో పెట్టినాడు. చిత్తూరు జిల్లా పల్లె మాట అది. మాకు సరిహద్దు అవతలే. రెండు పేజీలు చదివేసరికి మా అమ్మ గొంతు వినిపించింది. ఎవరో నవ్విన మా మాట అచ్చులో, గట్టి అట్ట మధ్యలో, సిగ్గు లేకుండా కూర్చొని ఉంది. ఆ రాత్రి పుస్తకం పక్కన పెట్టలేదు. పాప ఇది విని చాలాసేపు మాట్లాడలేదు. మరుసటి రోజు నోటుబుక్కులో చూస్తే కుడి పక్క ఇట్ల రాసుకొని ఉంది. ఈ మాటల స్పెల్లింగు తప్పు అని మొదట అనుకున్నాను, కానీ తప్పు నా చెవిది అని. అది చదివి మాకు గొంతు పట్టుకున్నట్టయింది.

ఇంక అసలు విషయానికి వస్తాం.

నవల మొదట్లో జేనీకి పదహారేళ్ళు. పెంచింది వాళ్ళ అమ్మమ్మ. ఆ ముసలామె మనవరాలిని అరవై ఎకరాల భూమి ఉన్న వయసు మళ్ళిన ఒకాయనకు ఇచ్చి పెండ్లి చేయాలంటుంది. జేనీకి ఆయన మీద ఇష్టం లేదు. పాప ఈ భాగం కోపంగా చెప్పింది. "అవ్వా, ఆమె చాలా చెడ్డది. వద్దంటున్నా వినలేదు. కొట్టింది గూడా."

అమ్మ ఊరగాయ ముక్కలు తుడుస్తా అడిగింది. "అరవై ఎకరాలా! నీళ్ళుండాయా?"

మేము నవ్వినాం. వెయ్యి అడుగులు తోడినా బోరులో నీళ్ళు పడని సీమ మాది. భూమి అంటే మొదట వచ్చే ప్రశ్న అదే. అమ్మ నవ్వలేదు. "ఆ ముసిలామె ఎట్ల బతికిందో గూడా రాసినారా?" అనింది.

రాసినారు. ఆమె బానిసగా పుట్టింది. చంటిబిడ్డను ఎత్తుకొని పారిపోయి చిత్తడి అడవిలో దాక్కొనింది. ఆ బిడ్డ పెద్దదై బడికి పోతుంటే, చదువు చెప్పే పంతులే ఆమెను చెరిచినాడు. ఆ కూతురికి పుట్టిందే జేనీ. తాను చనిపోయేలోగా ఈ పిల్లను ఎవరూ ముట్టుకోలేని చోట పెట్టాలని ఆమె తాపత్రయం. పాప ఇదంతా ముక్కలు ముక్కలుగా చెప్పింది. 'చెరిచినాడు' అనే మాట మేమే అందించినాం.

అమ్మ చానాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లిగా అనింది. "ఆ ముసిల్దాన్ని తిట్టొద్దు పాపా. నేనూ అదే చేయబోతిని. మీయమ్మను."

పాప మా మొహం చూసింది. ఈ సంగతి ఆ పాపకు ఎవరూ చెప్పలేదు.

అది 2000వ సంవత్సరం. అక్క రెండో పీయూసీ పాసైంది. పక్క ఊర్లో ఎనిమిది ఎకరాల మామిడి తోట, పారే బోరు ఉన్న ఇంటి నుంచి సంబంధం వచ్చింది. అమ్మ మాట ఇచ్చేసింది. అక్క మూడు రోజులు అన్నం ముట్టలేదు. మాకప్పుడు పన్నెండేళ్ళు. గాదె పక్కన దాక్కొని ఇద్దరి ఏడుపులూ విన్నాం. చివరికి నాయన అక్క పక్కకు వచ్చినాడు. ఒక ఎకరం కుదువ పెట్టి బెంగళూరులో ఇంజనీరింగు చేర్పించినాడు. మాట పోయిందని అమ్మ దాదాపు రెండేళ్ళు అక్కతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత మాటలు కలిసినాయి, అక్క పెండ్లి అయింది, అమెరికా పోయింది. ఆ మూడు రోజుల గురించి మాత్రం మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఇరవై అయిదేళ్ళు.

అమ్మ చెప్పుకుంటా పోయింది. "పదహారేండ్లకు నన్ను ఈ యింటికి యిచ్చినారు. వచ్చిన మొదటి ఏడు వానలు లేవు. సంగటికి రాగులు గూడా బదులు తెచ్చుకుంటిమి. నా బిడ్డ ఆ ఆకలి చూడగూడదనుకుంటిని. చదువు కడుపు నింపుతుందని నాకు ఎవురు చెప్పినారు? నేను చూసిందంతా భూమే." కత్తి పక్కన పెట్టి అడిగింది. "ఆయమ్మి, ఆ జేనీ, తర్వాత ఆ ముసిలామెను ఏమనుకొనింది?"

పాప అప్పటికి పుస్తకం సగం దాటేసింది. చెప్పాలా వద్దా అని మా పక్క చూసింది. మేమేమీ అనలేదు. పాప నిజమే చెప్పింది. "ద్వేషించింది అవ్వా. చాలా ఏళ్ళ తర్వాత తనకే తెలిసింది, ఆమె మీద ద్వేషం ఉందని."

అరుగు మీద చీకటి పడింది. అమ్మ లేచి ముక్కల గిన్నె లోపలికి తీసుకుపోతా, "మీయమ్మను గూడా అడుగు ఒగసారి" అనేసి పోయింది.

ఆ రాత్రి పాప వాళ్ళమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పింది. స్పీకర్ పెట్టింది కాబట్టి మేమూ విన్నాం. అక్క కొంతసేపు మాట్లాడలేదు. "అనుకున్నా. ఆమె మీద చానా కోపం ఉండె" అనింది. ఇంకొంచెం ఆగి, "ఇప్పుడు లెక్క వేస్తే, అప్పుడు అమ్మకు ముప్పై ఎనిమిదేళ్ళు. నాకిప్పుడు నలభై మూడు. నాకంటే చిన్నది రా అప్పుడు అమ్మ" అనింది. ఫోన్ అమ్మకు ఇయ్యమనింది. మేము లోపలికి పోయి ఇచ్చినాం. క్షమించమని ఎవరూ అడగలేదు, క్షమించినానని ఎవరూ చెప్పలేదు. అరగంట సేపు ఊరగాయలో ఈసారి ఆవాలు ఎంత వేసినారు, ఉప్పు ఎంత అని మాట్లాడుకున్నారు. అంతసేపు వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం మేము చాలా కాలంగా వినలేదు.

వ్యాసం సంగతి చెప్పాలి. పాప మొదట అనుకున్న వాదన ఒకే ముక్క. అమ్మమ్మ జేనీ జీవితం పాడు చేసింది, అంతే. ఆ రోజు తర్వాత రాతబల్ల దగ్గర రెండు రోజులు తల పట్టుకొని కూర్చుంది. "మామా, ఆమెది తప్పే. కానీ తప్పు అని రాస్తే అబద్ధం రాసినట్టుంది" అనింది. ఏపీ పరీక్షలో వ్యాసాలకు మార్కులు ఎట్ల వేస్తారో అప్పుడు ఇద్దరం కలిసి చూసినాం. మొత్తం పరీక్ష మూడు గంటలు. మొదటి గంటలో 55 బహుళైచ్ఛిక ప్రశ్నలు. మిగతా రెండు గంటల్లో మూడు వ్యాసాలు: ఒకటి పద్యం మీద, ఒకటి వచనం మీద, మూడోది తాము చదివిన నవలో నాటకమో ఎంచుకొని వాదించేది. సెలవుల్లో చదివిన పుస్తకం పనికొచ్చేది ఈ మూడో దాంట్లోనే. ఒక్కో వ్యాసానికి ఆరు పాయింట్లు. వాదన స్పష్టంగా చెప్తే ఒకటి. ఆధారం, దాని మీద వివరణ కలిపి నాలుగు. మిగిలిన ఒక్కటీ విషయంలోని చిక్కును చిక్కుగానే పట్టుకొని, లోతుగా చూసినవాళ్ళకు. ఆధారం, వివరణ, లోతు. మాకు ఆయ్కె, సందర్భ, స్వారస్య గుర్తుకొచ్చినాయి. ఎక్కడైనా అడిగేది అదే, గైడులో దొరకనిదీ అదే.

పాప చివరికి ఇట్ల రాసింది. అమ్మమ్మ తాను చూసిన ప్రమాదం నుంచి మనవరాలిని కాపాడింది, మనవరాలికి రాబోయే ప్రమాదం ఆమెకు కనపడలేదు, ప్రేమ రెండు చోట్లా ఒకటే అని. మంచి వ్యాసమా కాదా చెప్పేంత ఇంగ్లీషు సాహిత్యం మాకు రాదు. టెస్టరుగా మాత్రం ఒకటి చెప్పగలం. దాంట్లో కాపీ కొట్టిన వాక్యం ఒక్కటీ లేదు.

సెలవులకు పిల్లలు మీ ఇండ్లకు గూడా వస్తుంటారు. డల్లస్ నుంచో, దుబాయి నుంచో, లేదంటే బెంగళూరులో ఏదో పెద్ద బడి నుంచో. వాళ్ళ సంచిలో ఇట్లాంటి పుస్తకం ఉంటే, మాకు ఇంగ్లీషు రాదు కదా అని పక్కకు తప్పుకోకండి. బిగ్గరగా చదవమనండి. ఆనాటి కథ ఆనాడే ఇంటి భాషలో చెప్పమనండి. చెప్పలేకపోతే చదవనట్టే, అది వాళ్ళకే తెలిసిపోతుంది. పెద్దవాళ్ళు మధ్యలో ప్రశ్నలు అడిగితే ఆపొద్దు. బోరులో నీళ్ళుండాయా అనే ప్రశ్న మాకు నవ్వు తెప్పించింది గానీ, ఆ కథలో అమ్మమ్మ మనసు తెరిచింది ఆ ప్రశ్నే. ఎడమ పక్కకు పుస్తకం చాలు. కుడి పక్క నిండాలంటే ఇల్లు గూడా కావాలి.

పాప పోయే ముందు నోటుబుక్కు చూపించింది. ముప్పై అడిగితే ముప్పై ఒకటి ఉన్నాయి. ఆఖరిది నవల్లోది కాదు. అవ్వ అన్న మాట, ఆ ముసిల్దాన్ని తిట్టొద్దు అన్నది, తెలుగు అక్షరాల్లో రాసిమ్మని మమ్మల్ని ముందు రోజే అడిగింది. మేము రాసిచ్చిన కాగితం చూసి, గీసినట్టు ఒక్కో అక్షరమే దించుకొనింది. 'ట్టొ' దగ్గర రెండుసార్లు తుడిచిన గుర్తు ఉంది. పాప చేత్తో రాసిన మొదటి తెలుగు అది. పేజీ నంబరు రాయాల్సిన చోట 'అరుగు' అని పెట్టింది. కుడి పక్క ఏమీ రాయలేదు.

"ఇది ఖాళీగా పెట్టినావేం?" అన్నాం.

"ఇంకా ఆలోచిస్తా ఉండా మామా" అనింది, అచ్చం మా అమ్మ మాదిరి.